రిఫండు చూసి ‘సంతోషం’... ఆనక నోటీసు!

పని మంచిదో కాదో తెలియకుండానే చేతిలో పెడుతున్నాం. లెక్క తప్పితే బాకీ మాత్రం మన పేరునే

తణుకు: కాఫీ చల్లారిపోయి వచ్చింది. ఇడ్లీ తెమ్మంటే అరగంట పట్టింది. చట్నీ మళ్లీ అడిగితే సర్వరు విననట్టే పోయాడు. అయినా బిల్లు పళ్లెంలో సోంపుతో పాటు చిల్లర తిరిగి రాగానే, పక్క బల్లవాళ్లు చూస్తున్నారన్న మొహమాటంతో పది రూపాయల నోటు అక్కడే వదిలేసి లేచి వస్తాం. మన దగ్గర హోటలు టిప్పు కథ ఇంతే. పోతే పది రూపాయలు పోతాయి. కాఫీ చల్లగా ఉందన్న సంగతి నాలుక చెబుతుంది. మరోసారి ఆ హోటలు గడప తొక్కం.

కాని పని బాగుందో లేదో నాలుకకూ కంటికీ తెలియని చోట టిప్పు ఇస్తే? ఆ టిప్పు పదులలో కాక వేలల్లో ఉంటే? పల్లెల నుంచి పట్నానికి వచ్చి ఆదాయపు పన్ను రిటర్ను వేయించుకొనే వారి విషయంలో ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఆదాయపు పన్ను అనగానే అదేదో మిల్లు ఓనర్ల గొడవ, మనకెందుకు అనుకొనే రోజులు పోయాయి. పొలం అమ్మిన డబ్బు బ్యాంకులో వేసుకొన్న రైతు, పింఛను తీసుకొనే మాస్టారు, కానిస్టేబులు, అంగన్‌వాడీ సూపర్‌వైజరు, ఆర్టీసీ డ్రైవరు - ఎవరికో ఒకరికి ఎక్కడో ఒకచోట ‘టీడీఎస్’ పేరిట కోత పడుతూనే ఉంది. ఆ కోసిన సొమ్ము వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి. ఆడిటరు దగ్గరికి వెళ్లడానికి భయం. సొంతంగా వేసుకోవడానికి కంప్యూటరు తెలియదు. దాంతో బస్టాండు పక్కన, తాలూకాఫీసు ఎదుట ఉండే నెట్ సెంటరే దిక్కవుతున్నది.

మామూలు కాస్తా రేటయింది

‘సంతోషం’ అన్న మాట మనకు కొత్త కాదు. పురుడు పోసిన మంత్రసానికి, కొత్త ఎడ్లకు లాడాలు కొట్టినవాడికి, పెళ్లిలో సన్నాయి ఊదినవాడికి కూలి కాక పైన ఇంత చేతిలో పెట్టడం పెద్దలనాటి మర్యాద. పని చూసి, మనసు నిండి, ఇష్టపడి ఇచ్చేది అది. కాలక్రమాన అదే ఆఫీసుల గుమ్మాల దగ్గర ‘టీ ఖర్చులు’ అయింది. దస్తావేజుల దగ్గర ‘మామూలు’ అయింది. పని చేశాక ఇచ్చేది కాస్తా, పని మొదలు కావడానికి ముందే ఇచ్చేదిగా మారింది. ఇక అక్కడ పని బాగోగుల ప్రసక్తి ఏముంటుంది?

రిటర్నుల దగ్గర ఇది ఇంకో మెట్టు ఎక్కింది. ‘ఫీజు మూడొందలు, రిఫండు పడ్డాక అందులో పదో వంతో అయిదో వంతో సంతోషం’ అన్నది పలుచోట్ల వినవస్తున్న బేరం. వచ్చే డబ్బులోంచే కదా ఇస్తున్నాం అనుకొని జనం కూడా తలూపుతున్నారు. అసలు మెలిక అక్కడే ఉంది. వాటా ఎక్కువ కావాలంటే రిఫండు ఎక్కువ రావాలి. రిఫండు ఎక్కువ రావాలంటే లేని ఖర్చులు రాయాలి.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇలాంటివారు ప్రతి మండలంలోనూ ఉంటారు. పేర్లు పక్కనపెట్టి రెండు లెక్కలు మాత్రం చూద్దాం.

పద్నాలుగు వేలలో మూడు వేలు

68 ఏళ్ల రైతు ఒకాయన ఉన్నాడనుకొందాం. వయసు మళ్లి, చేసేవాళ్లు లేక, కొంత పొలం అమ్మి 20 లక్షలు బ్యాంకులో డిపాజిట్ చేశాడు. 7 శాతం వడ్డీ మీద ఏడాదికి రూ. 1,40,000 వస్తుంది. మిగిలిన పొలం మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం, దానికి పన్ను లేదు. అరవై దాటినవారికి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష రూపాయలు దాటితే, బ్యాంకు 10 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కడుతుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు 50 వేలే. ఆ లెక్కన ఆయనకు పడ్డ కోత రూ. 14,000.

‘బాబాయ్, నీ డబ్బు గవర్నమెంటు దగ్గర ఇరుక్కుపోయింది, నే తెప్పిస్తా’ అంటాడు సెంటరులో కుర్రాడు. పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకొంటాడు. ఫోనుకు వచ్చిన ఓటీపీ అడుగుతాడు. అరగంటలో పని అయిపోతుంది. కొన్ని వారాలకు 14,000 ఖాతాలో పడతాయి. అందులో అయిదో వంతు 2,800, పైన కాఫీలకు 200 - వెరసి 3,000 చేతిలో పెట్టి, దండం పెట్టి మరీ వస్తాడు పెద్దాయన.

నిజానికి ఆయనకు కట్టవలసిన పన్ను సున్న. ఆ 14,000 అణా పైసలతో సహా ఆయన హక్కు. ఎవరు రిటర్ను వేసినా వచ్చేదే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. పన్ను పడేంత ఆదాయం తనకు లేదని ఏడాది మొదట్లోనే బ్యాంకులో ఒక ధ్రువపత్రం రాసి ఇస్తే అసలు కోతే పడదు. అరవై దాటినవారికి ‘15హెచ్’, మిగతావారికి ‘15జీ’ అని జనం నోట నలిగిన కాగితం అదే. 1961 నాటి చట్టం స్థానే పార్లమెంటు 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేసింది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా పెట్టారు. దాంతో ఫారాల నంబర్లు మారతాయి గాని సంగతి మారదు. ‘టీడీఎస్ కోయవద్దని ఇచ్చే ఫారం’ అని అడిగితే బ్యాంకు గుమాస్తాకు అర్థమవుతుంది. దానికి రుసుము లేదు. ఏటా ఇవ్వాలన్న సంగతి మాత్రం మరువరాదు.

నిజంగా మేలు కోరేవాడైతే ఆ కుర్రాడు చెప్పవలసింది ఆ ముక్కే: ‘బాబాయ్, వచ్చే ఏప్రిల్‌లో బ్యాంకులో ఆ కాగితం ఇవ్వు, నా దగ్గరికి రానక్కర్లేదు’ అని. కాని ఆ ముక్క చెబితే వచ్చే ఏడాది మూడు వేలు ఎక్కడి నుంచి వస్తాయి? మంచి సలహాకు సంతోషం దక్కదు, తిప్పుడు పనికి దక్కుతుంది. ఇదీ వరస.

నలభై అయిదు వేల ఆనందం

రెండో లెక్క ఇంతకంటే చేదు. ఒక మాస్టారు ఉన్నారనుకొందాం. పాత పద్ధతి ఎంచుకొన్నారు. న్యాయంగా చూపవలసినవన్నీ చూపాక పన్ను పడే ఆదాయం 8 లక్షలు. జీతంలో కోసిన పన్ను రూ. 75,400. ‘ఇంత కట్టారా మాస్టారూ! పక్క మండలంలో మీలాంటాయనకు యాభై వేలు తెప్పించాం’ అన్న మాట చెవిన పడుతుంది. మాస్టారి మనసు కదులుతుంది.

సొంత ఇంట్లో ఉంటున్నా అద్దె కింద లక్షా 20 వేలు, పేరైనా వినని పార్టీకి చందా కింద 60 వేలు, లేని పెద్ద జబ్బుకు చికిత్స కింద 36 వేలు రాస్తారు. మొత్తం రూ. 2,16,000. రిఫండు సుమారు 45 వేలు వస్తుంది. 15 శాతం వాటా కింద రూ. 6,750 చెల్లిపోతాయి. మాస్టారు స్టాఫు రూములో నలుగురికీ ఆ సెంటరు పేరు చెబుతారు. నలుగురూ వెళతారు.

ఏడాదికో రెండేళ్లకో నోటీసు వస్తుంది. అద్దె రసీదులు చూపండి, చందా ఇచ్చిన రుజువు చూపండి అని. చూపడానికి ఏమీ ఉండదు. అప్పుడు ఆ 45 వేలూ తిరిగి కట్టాలి, దానిపై వడ్డీ కట్టాలి. కావాలని తప్పు లెక్క చూపినట్టు తేలితే ఎగవేసిన పన్నుకు రెండింతలు, అంటే 200 శాతం జరిమానా చట్టంలో ఉంది. 45 వేలకు 90 వేలు. వడ్డీ కాక రూ. 1,35,000. చేతికి మిగిలింది 38 వేల చిల్లర, కట్టవలసింది అంతకు మూడింతలు పైన. పరువు సంగతి సరేసరి.

సెంటరువాడిని అడిగితే? వాడు అప్పటికి బోర్డు మార్చి ఉండవచ్చు. ఉన్నా ‘మీరు ఓకే అంటేనే కదా వేశాను మాస్టారూ’ అంటాడు. చట్టం దృష్టిలో ఆ మాటే చెల్లుతుంది. రిటర్ను ఎవరు నింపినా అందులోని ప్రతి అంకెకూ బాధ్యుడు పాన్ కార్డు ఎవరి పేరున ఉందో వారే. తప్పుకు తోడ్పడినవాడి మీద కూడా చర్య ఉండవచ్చు గాని, దానివల్ల మన బాకీ రూపాయి కూడా తగ్గదు.

దేశమంతటా ఇదే తంతు

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశంలో 150 చోట్ల సోదాలు జరిపింది. తప్పుడు మినహాయింపులతో రిటర్నులు వేసి కమీషన్లు తీసుకొనే వారిని లక్ష్యంగా చేసుకొన్న సోదాలవి. అద్దె, పార్టీ చందాలు, ధర్మాల పేరిట విరాళాలు, చదువు అప్పు వడ్డీ, వైద్యం ఖర్చు - వీటి పేరిట లేనివి ఉన్నట్టు రాశారని శాఖ వెల్లడించింది. పెద్ద కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు, విద్యాసంస్థల ఉద్యోగులు కూడా ఈ వలలో పడ్డవారిలో ఉన్నారు. అంతకు ముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40 వేల మంది తమ రిటర్నులు సరిదిద్దుకొని రూ. 1,045 కోట్ల తప్పుడు క్లెయిములను వెనక్కి తీసుకొన్నారు.

శాఖ బయటపెట్టిన మరో సంగతి మన పల్లెవాసులు ముఖ్యంగా గమనించదగ్గది. కొందరు ఏజెంట్లు మూకుమ్మడిగా రిటర్నులు వేయడానికి తాత్కాలిక ఈ-మెయిలు చిరునామాలు సృష్టించి, పని అయ్యాక వాటిని వదిలేస్తున్నారట. దాంతో శాఖ పంపే నోటీసులు ఎవరూ చూడని పెట్టెలో పడి ఉంటున్నాయి. మన పేరున నోటీసు వచ్చిన సంగతే మనకు తెలియదు. గడువు దాటిపోతుంది. తెలిసేసరికి మెడకు చుట్టుకొంటుంది.

‘రిఫండు ఇచ్చారంటే లెక్క ఒప్పుకొన్నట్టే కదా’ అన్న వాదన చాలామంది నోట వినబడుతుంది. పొరపాటు. మన రిటర్నులు బెంగళూరులోని కేంద్రంలో కంప్యూటర్ల మీద నడుస్తాయి. కూడిక తీసివేతలు సరిపోయాయా, కోసిన పన్ను ఖాతాలో ఉందా అన్నది మిషను చూసి డబ్బు పంపుతుంది. అద్దె నిజమా, చందా నిజమా అని విచారించేది ఆ తర్వాత. కాబట్టి ఖాతాలో డబ్బు పడ్డ రోజు పని బాగా జరిగిందని చెప్పడానికి వీల్లేదు. మనం సంతోషం ఇచ్చేది మాత్రం సరిగ్గా ఆ రోజునే.

అమెరికాలోనూ అంతే

మన జిల్లా పిల్లలు చాలామంది ఉన్న అమెరికా సంగతి కూడా ఒక్క ముక్క చెప్పుకోవాలి. అక్కడ హోటల్లో బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం ఆనవాయితీ. వడ్డన బాగా లేకపోయినా ఇవ్వక తప్పదని అక్కడికి వెళ్లివచ్చిన తల్లిదండ్రులు విస్తుపోతుంటారు. దానికో కారణం ఉంది. టిప్పులు వచ్చే పనివారికి యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలునని 1991 నుంచి కేంద్ర చట్టం చెబుతున్నది. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఇప్పిస్తున్నాయి. అంటే అక్కడ టిప్పు మెప్పు కోసం ఇచ్చేదిగా మిగల్లేదు, జీతంలో భాగమైపోయింది.

రిటర్నులు నింపే దుకాణాలకు కూడా అక్కడ కొదవలేదు. వాటి పనితనం ఎలా ఉందో చూడాలని అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు పరిశీలించే కార్యాలయం 2006లో మారువేషంలో తన సిబ్బందిని పెద్ద పేరున్న 19 దుకాణాలకు పంపింది. అన్ని చోట్లా ఏదో ఒక తప్పు దొర్లింది. 2014లో మళ్లీ 19 చోట్ల చూస్తే 17 చోట్ల రిఫండు మొత్తమే తప్పు. ఒకచోట రావలసిన దానికంటే 3,718 డాలర్లు ఎక్కువ చూపారు. ఇలాంటివారికి పరీక్ష పెట్టాలని అక్కడి పన్నుల శాఖ 2011లో నిబంధనలు తెస్తే, శాఖకు ఆ అధికారం లేదని కోర్టులు 2013, 2014లలో కొట్టివేశాయి. చదువుకొన్న దేశంలోనే అలా ఉంటే, మన బస్టాండు సెంటరు సంగతి వేరే చెప్పాలా?

పద్ధతిగా చేసేవారు లేరా?

ఉన్నారు. చార్టర్డు అకౌంటెంట్లు, అనుభవమున్న టాక్సు ప్రాక్టీషనర్లు మన పట్టణాల్లోనూ ఉన్నారు. నెట్ సెంటర్లలో కూడా నిజాయితీగా మూడొందలు తీసుకొని ఉన్నది ఉన్నట్టు వేసిపెట్టే కుర్రాళ్లు ఉన్నారు. వారిని ఆడిపోసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చిక్కేమిటంటే, ‘ఎంత తెప్పిస్తావ్?’ అన్న మన మొదటి ప్రశ్నకు వారి జవాబు చిన్నదిగా ఉంటుంది. పక్కవాడి జవాబు పెద్దదిగా ఉంటుంది. మనం పక్కవాడి దగ్గరికి పోతాం.

సామాన్యులకు చవకలో రిటర్నులు వేసిపెట్టేందుకు కేంద్ర ప్రభుత్వం 2006లో ఒక పథకం తెచ్చింది. పట్టభద్రులకు శిక్షణ ఇచ్చి ‘టాక్స్ రిటర్న్ ప్రిపేరర్’లుగా గుర్తింపు ఇచ్చారు. వారికి ప్రభుత్వం ఇస్తామన్న ప్రతిఫలం గమనించదగ్గది. మొదటి ఏడాది రిటర్నులో చెల్లించిన పన్నులో 3 శాతం, అదీ వెయ్యి రూపాయలు మించకుండా. రిఫండులో వాటా అన్న మాటకు ఆ పథకంలో చోటే లేదు. పని చేసేవాడి కూలి ఏ అంకె మీద ఆధారపడితే, వాడి కలం ఆ అంకె వైపే ఒరుగుతుందని ఆ పథకం రాసినవారికి తెలిసే ఉండాలి.

పైగా ఇప్పుడు చాలామందికి దొంగలెక్కల అవసరమే లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయం నుంచి కొత్త పద్ధతిలో, జీతం, పింఛను, వడ్డీల వంటి మామూలు ఆదాయం 12 లక్షల దాకా ఉన్నవారికి కట్టవలసిన పన్ను లేదు. జీతగాళ్లకు మరో 75 వేల మినహాయింపు కలుస్తుంది. వారికి కోసిన టీడీఎస్ ఉన్నది ఉన్నట్టు రాసినా పూర్తిగా వెనక్కి వస్తుంది. న్యాయంగా వచ్చేదానికి అబద్ధం రాయించి, ఆ అబద్ధానికి కమీషను ఇవ్వడం ఎందుకు?

కుర్చీలో కూర్చునే ముందు

రిటర్ను వేయించుకోవడానికి వెళ్లేవారు ఈ కొద్ది సంగతులు గుర్తుంచుకొంటే చాలు.

1. ఫీజు ముందే మాట్లాడుకోవాలి. రిఫండులో ఇంత వాటా అన్నవాడికి నమస్కారం పెట్టి లేచి రావాలి.

2. ఫోను నంబరు, ఈ-మెయిలు మనవే ఇవ్వాలి. మనకు లేకపోతే కొడుకుదో కూతురిదో ఇవ్వాలి గాని సెంటరువాడిది ఇవ్వరాదు. పాస్‌వర్డు కాగితం మీద రాయించుకొని ఇంట్లో దాచుకోవాలి.

3. ఓటీపీ చెప్పే ముందు ‘ఇందులో ఏమేం మినహాయింపులు రాశావు, చదివి వినిపించు’ అనాలి. మనం ఖర్చు పెట్టనిది ఒక్కటి వినబడినా తీసేయమనాలి.

4. మన పేరున ఎక్కడెక్కడ ఎంత వడ్డీ, ఎంత జీతం వచ్చింది, ఎంత కోశారు అన్నది శాఖ దగ్గరే జాబితాగా ఉంటుంది. 2021 చివరి నుంచి ‘ఏఐఎస్’ పేరుతో దాన్ని మనం కూడా చూసుకోవచ్చు. ఆ జాబితా తీసి, దానితో సరిచూడమని అడగాలి. దాని పేరే వినని మనిషికి మన రిటర్ను అప్పగించరాదు.

5. రిటర్ను వేశాక 30 రోజుల్లో ‘ఈ-వెరిఫై’ చేయాలి. అది చేయకపోతే వేసిన రిటర్ను వేయనట్టే లెక్క. అది కూడా అయినట్టు చూపించి, పూర్తి రిటర్ను నకలు ఇవ్వమనాలి. ఒక్క పేజీ రసీదు చాలదు.

ఆదాయపు పన్ను శాఖ సొంత వెబ్‌సైటులో రిటర్ను వేయడానికి పైసా రుసుము లేదు. డిగ్రీ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే, వడ్డీ, పింఛను మాత్రమే ఉన్న తాతగారి రిటర్ను ఒక పూటలో వేసిపెట్టగలరు. సందేహాలుంటే 1800 103 0025కు ఫోను చేయవచ్చు.

ఇప్పటికే తప్పు లెక్క వేయించుకొన్నవారు బెంబేలు పడనక్కరలేదు గాని, నోటీసు వచ్చేదాకా ఆగడం మాత్రం మంచిది కాదు. సంబంధిత అసెస్‌మెంటు సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా సవరించిన రిటర్ను వేసుకొనే వీలు 2025 నుంచి కల్పించారు. ఎగవేసిన పన్ను, వడ్డీతో పాటు వాటిపై అదనంగా మొదటి ఏడాదైతే 25 శాతం, నాలుగో ఏడాదికి 70 శాతం కట్టాలి. భారమే. కాని 200 శాతం జరిమానా కంటే తేలిక. ఆలస్యమైనకొద్దీ రేటు పెరుగుతుంది. ఈ పనికి మాత్రం నెట్ సెంటరుకు కాక, తెలిసిన అకౌంటెంటు దగ్గరికే వెళ్లాలి.

మండల కేంద్రాల్లో పంట బీమాకు, రుణాలకు అవగాహన సభలు జరుగుతున్నాయి. జూలై నెలాఖరు గడువుకు ముందు, బ్యాంకు మేనేజర్లు, పన్ను శాఖ అధికారులు కలిసి ఒక్కపూట ఇలాంటి సభ పెడితే ఎందరో పెద్దవాళ్ల మూడు వేలు మిగులుతాయి, ఎందరో చిన్న ఉద్యోగుల మెడ మీది కత్తి తప్పుతుంది. ఏప్రిల్‌లో ప్రతి బ్యాంకు బ్రాంచిలో ఆ ధ్రువపత్రం గురించి తెలుగులో ఒక బోర్డు పెట్టినా మేలే.

చల్లారిన కాఫీకి పది రూపాయలు వదిలేస్తే మన మొహమాటం మనది. లెక్క రాసిపెట్టినవాడికి సంతోషం ఇవ్వదలిస్తే మాత్రం రిఫండు పడ్డ రోజున ఇవ్వకండి. మూడేళ్లు ఆగి, ఏ నోటీసూ రాకపోతే అప్పుడు వెళ్లి ఇవ్వండి. అప్పుడిచ్చేదే నిజమైన సంతోషం.